నాలుగు తీగలు, పది ముడులు

మా అల్లుడు పోయిన వారం ఒక పాత రికార్డు ప్లేయరు కొనుక్కొచ్చాడు. సింగపూరులో ఈ సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో నేను పడుకోవడానికి మంచం వెయ్యాలంటేనే కుర్చీలు జరపాలి. అయినా టీవీ బల్ల మీదవన్నీ తీసేసి దాన్ని అక్కడ కూర్చోబెట్టాడు. నల్ల రికార్డుల మీద ఈ తరానికి మళ్ళీ మోజు పుట్టిందట. ఫోను మీద వేలు పెడితే పాట వచ్చే రోజుల్లో ఈ బరువు దేనికో నాకు అర్థం కాలేదు గానీ, అల్లుడు కదా, అడగలేదు. తీరా ప్లగ్గు పెడితే అది తిరగలేదు. "మావయ్యా, మీరు మోటార్ల మనిషే కదా, ఒక్కసారి చూడండి," అన్నాడు. భోజనాల బల్ల మీద పేపరు పరిచి, ప్లేయరు బోర్లించి, అడుగు చెక్క స్క్రూలు విప్పాను. కాలిన వార్నిష్ వాసన గుప్పున కొట్టింది. ఆ వాసన తెలియనివాళ్ళకి ఏం చెప్పను? మాడిన బెల్లంలా ఉంటుంది, అందులో కొంచెం జుట్టు కాలిన కంపు కలుస్తుంది. ఒకసారి ముక్కుకి పడితే ఇక వదలదు.

"తాతా, సో స్మెల్లీ లా! విండో ఓపెన్ చెయ్," అంటూ మనవరాలు ముక్కు మూసుకుని గదిలోకి పరుగెత్తింది. నేను చెక్క మళ్ళీ మూసేశాను. "ఇది నేను చెయ్యను బాబూ," అన్నాను. "అంత పాడైపోయిందా మావయ్యా?" అని అడిగాడు. "బాగవుతుంది. నేనే చెయ్యను." మా అమ్మాయి నా మొహం చూసి అతన్ని ఊరుకోమని సైగ చేసింది. దానికీ సంగతి తెలియదు. యూనివర్సిటీలో పరిశోధన చేసే పిల్ల, లోకంలో తెలియనిది లేదనుకుంటుంది, తండ్రి గురించి మాత్రం ఇంత ముక్క తెలియదు. చెప్పనిది ఎలా తెలుస్తుంది?

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. ముప్పై దాటాకే నాకు అక్షరాలు వచ్చాయి. అంతకు ముందు గాజువాకలో, కాలిన మోటార్లకి తీగ మళ్ళీ చుట్టే ఒక వైండింగ్ షాపులో పదేళ్ళు పనిచేశాను. మా మేస్త్రీ పేరు గురువులు, ఆయనకీ చదువు రాదు. ఆయన పద్ధతి ఏమిటంటే, మోటారు లోంచి వచ్చే తీగలకి కాగితాలు అంటించడం, అంకెలు రాయడం ఉండదు. నూలు దారం తీసుకుని ముడులు వేసేవాడు. మొదటి తీగ చుట్ట మొదలుకి ఒక ముడి, దాని కొసకి రెండు. రెండో చుట్ట మొదలుకి మూడు, దాని కొసకి నాలుగు. "కాయితం నూనెకి పోద్దిరా, సిరా సెమటకి పోద్ది. ముడైతే సీకట్లో కూడా యేలికి తగుల్తాది," అనేవాడు. నేను అదే నేర్చుకున్నాను. సింగపూరు వచ్చాక కూడా నా జేబులో దారపు ఉండ ఉండేది. తువాస్ షిప్‌యార్డులో నాకిచ్చిన పని వేరు. ఓడ కడుపులో ట్యాంకుల్లోకి దిగి కేబుళ్ళు లాగడం. లోపల గాలి ఉండదు, నిలబడడానికి ఎత్తు ఉండదు, పైన వెల్డింగు చేస్తుంటే నిప్పురవ్వలు మెడ మీద పడేవి. బయట ఏసీ గదిలో వైండింగ్ షాపు ఉండేది. నేను దాని అద్దాల ముందు నుంచి రోజూ నడిచేవాణ్ణి. మా ఫోర్‌మన్ సెల్వం తమిళుడు, మంచివాడు, నోరు చెడ్డది. నా చేతి పని ఒకసారి చూసి, "ఏంబా సింహా, నువ్వు ట్యాంకులో చావాల్సినవాడివి కాదు. చేసిన పని జాబ్ కార్డు మీద రాయడం వస్తే చెప్పు, రేపే షాపులోకి మార్పిస్తా. రాయగలవా?" అన్నాడు. "నేర్చుకుంటున్నానండీ అణ్ణా," అన్నాను. అప్పటికి నాకు అ అంటే తెలియదు. నా సంతకం కూడా బొమ్మలా గీసేవాణ్ణి.

టీచరమ్మగారు నాకు గుళ్ళో తగిలారు. ఆదివారం మధ్యాహ్నం లిటిల్ ఇండియా గుడిలో అన్నదానం ఉండేది. మాలాంటి వాళ్ళందరికీ వారానికొకసారి ఇంటి అన్నం అదే. ఒక రోజు వంటశాలలో గ్రైండరు ఆగిపోయింది. వంట చేసే మణి అమ్మ తల పట్టుకుని కూర్చుంది. నేను లోపలికి వెళ్ళి మోటారులోని కార్బన్ బ్రష్షులు తీసి రుద్ది, స్ప్రింగు సాగదీసి మళ్ళీ పెట్టాను. తిరిగింది. పక్కనే కూరలు తరుగుతున్న ఒక పెద్దావిడ అంతా చూస్తూ ఉన్నారు. తెల్ల చీర, వెండి అంచు కళ్ళజోడు. "ఏవయ్యా, ఏ ఊరు మీది? పాత గ్రామఫోను మోటారు చూస్తావా?" అని అడిగారు. ఆవిడ రాజ్యలక్ష్మమ్మగారు. గుంటూరు వైపు నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చారు. కొడుకు ప్రసాద్‌గారు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద హోదా, సెరంగూన్‌లో కాండో, అంటే గేటుకి కాపలా ఉండే ఖరీదైన ఫ్లాటు.

అవి కంప్యూటర్ వాళ్ళ రోజులు. విమానం దిగే ప్రతివాడూ ప్రోగ్రామరే. ప్రసాద్‌గారింట్లో హాలు నిండా హైదరాబాదు కుర్రాళ్ళు పరుపులేసుకుని ఉండేవారు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పి చెడిపోతాయని, వాటిని వీళ్ళు ముందే బాగుచేస్తున్నారని చెప్పుకునేవారు. ఆదివారం పొద్దున్నే కంపెనీ లారీ మమ్మల్ని బూన్‌లేలో దింపేది. అక్కడి నుంచి రైలు, దాని తర్వాత బస్సు. కాండో గేటు దగ్గర గార్డు పుస్తకం నా ముందుకి తోసి పెన్ను ఇచ్చేవాడు. పేరు, ఇంటి నంబరు, వచ్చిన టైము. ట్యాంకులో దిగడానికి పడని భయం ఆ పుస్తకానికి పడేవాణ్ణి. నా సంతకం బొమ్మ అన్ని గళ్ళ మీదుగా పెద్దగా గీసేసి పరుగులాంటి నడకతో లోపలికి పోయేవాణ్ణి.

ఇంట్లో నా చోటు వంటింటి వెనక బట్టలారేసే వరండా. పేపరు పరిచి ఉంచేవారు. కోడలు సుధగారు నవ్వు మొహంతోనే పలకరించేది, అన్నం కడుపు నిండా పెట్టేది. నాకొక ప్లేటు, నాకొక గ్లాసు. అవి సింకు కింద చీపురు పక్కన విడిగా ఉండేవి. వాళ్ళ లెక్కలో అది మర్యాదే. టీచరమ్మగారు అది చూసేవారు, చూసి కళ్ళజోడు తుడుచుకునేవారు. ఆవిడకి ఏదైనా ఇబ్బందనిపిస్తే కళ్ళజోడు తుడుచుకోవడం అలవాటు. నేను అప్పుడే గ్రహించాల్సింది.

ప్లేయరు ఆవిడ భర్తది. రైల్వేలో ఇంజినీరు, విదేశంలో ట్రైనింగుకి వెళ్ళి తెచ్చుకున్నారట. టేకు పెట్టె, ఇత్తడి పేరు రేకు, రికార్డు పెట్టే బరువైన ఇనప పళ్ళెం. రికార్డులు ఆయన పాత పట్టుపంచెలో చుట్టి ఉండేవి, విప్పితే కర్పూరం వాసన. సాయంత్రం స్నానం చేసి ఆయన కుర్చీలో కూర్చుంటే, ఆ అరగంటా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా వినపడకూడదట. "ఆ అరగంట నాకు ఒళ్ళు మండేదయ్యా. వంటింట్లో కుక్కరు పెట్టడానికి లేదు, పిల్లాణ్ణి కేకెయ్యడానికి లేదు. ఇప్పుడేమో ఆ చప్పుడు లేక చెవులు పనిచెయ్యనట్టుంది," అన్నారు. పదకొండేళ్ళుగా అది తిరగలేదు. సింగపూరులో రెండు దుకాణాల వాళ్ళు మోటారు దొరకదని తిప్పి పంపేశారు.

విప్పి చూస్తే అన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. బేరింగుల్లో నూనె జిగురైపోయింది. తీగల మీది రబ్బరు ముట్టుకుంటే రస్కులా రాలింది. మోటారులో రెండు చుట్టలు, అందులో ఒకటి తెగింది. సెల్వం అణ్ణని అడిగి షాపు నుంచి జుట్టంత సన్నటి ఎనామిల్ తీగ, తీగల మీద తొడిగే నల్ల స్లీవు తెచ్చుకున్నాను. స్లీవు అక్కడ నలుపే ఉంది, అందుకని నాలుగు తీగలకీ నలుపే తొడిగాను. పాత చుట్ట విప్పుతూ ఎన్ని చుట్లున్నాయో పైకి లెక్కపెట్టాను, ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుందని టీచరమ్మగారు వంటింటి తలుపు మూసి కాపలా కూర్చున్నారు. అన్ని చుట్లూ మళ్ళీ చేత్తో చుట్టడానికి మూడు ఆదివారాలు పట్టింది. పాట వినిపించే సన్న తీగలు వేరే నాలుగు ఉంటాయి, వాటికి రంగులుంటాయి గనక ఇబ్బంది లేదు. మోటారు తీగలకి మాత్రం నా ముడులు వేశాను. రెండు ముడుల తీగని మూడు ముడుల తీగతో కలపాలి, మిగిలిన రెండింటికీ కరెంటు ఇవ్వాలి. రెండుని పొరపాటున నాలుగుతో కలిపితే రెండు చుట్టలూ ఒకదానికొకటి ఎదురు లాగుతాయి. మోటారు తిరగదు, మూలుగుతుంది, కాలిపోతుంది. ఇదంతా ఆవిడకి వివరంగా చెప్పాను. ఏదైనా చెప్తే పిల్లలా వినేవారు.

నా గుట్టు బయటపడింది కూడా ఆ పని మధ్యలోనే. పేరు రేకు తుడిచి, "దీని మీద ఏం రాసుందో చదువు," అన్నారు. "కళ్ళజోడు తేలేదమ్మా," అన్నాను. ఆవిడ నవ్వారు. "ముప్పై ఏళ్ళకే కళ్ళజోడా? నలభై ఏళ్ళు బడిలో ఉన్నానయ్యా. ఈ అబద్ధం రోజుకొకడు ఆడేవాడు నాతో."

నేను స్క్రూడ్రైవరు కింద పెట్టాను. "నాకు సదువు రాదమ్మా. ఎవరికీ సెప్పకండి. మీ అబ్బాయిగారికి అసలు సెప్పకండి. పని తెలీదనుకుంటారు."

"నేనెందుకు చెప్తాను? నువ్వు నా మోటారు తిప్పు, నేను నీ చేత అక్షరాలు దిద్దిస్తాను. ముందు తెలుగు. అది వస్తే ఇంగ్లీషు ఎంతసేపు? ఆర్నెల్లలో మీ ఫోర్‌మన్ కార్డు నువ్వే రాస్తావు చూడు."

ఆ మాటతో నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. ప్రసాద్‌గారి ఆఫీసు నుంచి పక్కన చిల్లులున్న పొడుగాటి కాగితాలు కట్టలు కట్టలు వచ్చేవి. ముందు వైపు వాళ్ళ ప్రోగ్రాములు, వెనక వైపు నా అ ఆలు. నా వేళ్ళు సన్న తీగకి అలవాటుపడ్డవి, పెన్సిలు పట్టుకుంటే బిగుసుకుపోయేవి. "దాన్ని చంపకయ్యా, పట్టుకో చాలు," అనేవారు. కొత్త అక్షరం వచ్చినప్పుడల్లా కాస్త బెల్లం ముక్క చేతిలో పెట్టేవారు, చిన్నపిల్లలకి పెట్టినట్టు. ట్యాంకులో పనిచేస్తూ ఇనప గోడ మీద సుద్దతో క గుణింతం రాసేవాణ్ణి, ఎవరైనా దిగుతుంటే చేత్తో చెరిపేసేవాణ్ణి. గుణింతాలన్నీ అయ్యాయి. "వచ్చే వారం నుంచి ఒత్తులు," అన్నారు.

అదే ఆదివారం ప్లేయరు తిరిగింది. నేను ఎప్పుడూ మొదటిసారి కరెంటు సూటిగా ఇవ్వను, మధ్యలో ఒక బల్బు పెట్టి ఇస్తాను, తప్పేదైనా ఉంటే బల్బు భగ్గుమంటుంది, మోటారు బతుకుతుంది. బల్బు ఎర్రగా మినుకుమంది. పళ్ళెం కదిలింది. ఆవిడ రికార్డు పెట్టి ముల్లు దించారు. వీణ. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. నేనూ వరండాలో కూర్చుని అరగంట కదల్లేదు. ప్రసాద్‌గారు బయటి నుంచి వచ్చి, గుమ్మంలో ఆగి, "నాన్న ఉన్నట్టుందమ్మా," అన్నారు. ఆయన చెడ్డవాడని నేను చెప్పను. ఆ రోజు నా భుజం మీద చెయ్యి కూడా వేశారు.

పై ఆదివారం వాళ్ళింట్లో విందు. ఆఫీసు పెద్ద భార్యతో సహా వస్తున్నారని, ప్రసాద్‌గారికి పై పదవి వచ్చే సూచన ఉందని, పాత ప్లేయరు అందరికీ వినిపిస్తారని నాకు చెప్పి రమ్మన్నారు. ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాను. హాల్లో పదిహేను మంది ఉన్నారు. ప్రసాద్‌గారు నన్ను చూడగానే పిలిచి, పెట్టె అడుగు చెక్క తీసి చూపించారు. నా ముడులు లేవు. నల్ల తీగలు నాలుగూ చక్కగా దువ్వినట్టు పరిచి ఉన్నాయి. ఒక్కొక్క దానికీ తెల్ల కాగితం ముక్క, దాని మీద ఇంగ్లీషులో అచ్చు అక్షరాలు.

"ఏం సింహాచలం, అదేంటయ్యా ఆ దారాలు, తాయెత్తులు కట్టినట్టు! మూత కూడా సరిగ్గా పడట్లేదు. అన్నీ కట్ చేసి, తీగలు విడదీసి, నీట్‌గా లేబుల్స్ పెట్టి మళ్ళీ కలిపాను. ప్రొఫెషనల్‌గా ఉండాలి పనంటే. రేపు చదువుకున్నవాడెవడు విప్పినా అర్థమవ్వాలి కదా?" నలుగురూ నవ్వారు. "చూసుకో, కరెక్టేగా?"

ఇక్కడ నా తప్పు నేను చెప్పుకోవాలి. ముడులు పోయాక ఆ నాలుగు తీగలూ నాకు ఒకటే. ఏది ఏదో తేల్చడానికి మోటారు మూత విప్పి, టెస్టు బల్బు పట్టుకుని పావుగంట కూర్చోవాలి. కూర్చుంటానని అంటే, లేబులుందిగా చదువుకో అంటారు. చదవమంటే నేనేం చెప్పను, ఆ పదిహేను మందిలో? ఇంకొకటి కూడా ఉంది. అచ్చులో ఉన్నది అబద్ధం ఆడదని అప్పట్లో నా గట్టి నమ్మకం. చదువు లేనివాడికే ఉంటుంది అంత నమ్మకం. యంత్రం లోంచి వచ్చిన అక్షరం, చదువుకున్నాయన అంటించింది, తప్పెలా అవుతుంది అనుకున్నాను. కాగితాల వైపు రెండు క్షణాలు చదువుతున్నట్టు చూసి, "కరెక్టేనండి," అన్నాను. మొన్న తిరిగిందే కదా అని బల్బు కూడా పెట్టలేదు.

స్విచ్ వేశారు. పళ్ళెం కదల్లేదు. లోపల ఒక మూలుగు. "చేత్తో కొంచెం తొయ్యి సార్," అన్నాడెవరో కుర్రాడు. ప్రసాద్‌గారు తోశారు. నేను ప్లగ్గు వైపు పరుగెత్తేసరికే పెట్టె సందుల్లోంచి తెల్లటి పొగ, ఆ వాసన. ఆఫీసు పెద్దగారి భార్య పమిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

పెట్టె ఎత్తుకుని వరండాకి తెచ్చి మోటారు మూత విప్పాను. చుట్ట మొదలు లోపలి పొర లోంచి వస్తుంది, కొస పైపొర లోంచి వస్తుంది, అది కళ్ళకి కనపడుతుంది. రెండో చుట్ట కొసని తెచ్చి మొదటి చుట్ట కొసతో కలిపి ఉంది. ముడులన్నీ ముందు కోసేసి, ఆ తర్వాత తీగలు ఎలా పడి ఉంటే ఆ వరసలో కాగితాలు అంటించి, వాటిని చూసి మళ్ళీ కలిపారన్నమాట. నాకు చదవడం వచ్చి ఉన్నా ఆ కాగితం అబద్ధమే చెప్పేది. టీచరమ్మగారు వచ్చి వెనక నిలబడ్డారు.

"తెలిసిందా?"

"తెలిసిందమ్మా. ముడులు ఎప్పుడు కోసేరు?"

"నిన్న మధ్యాహ్నం. అవి అతను గుర్తు కోసం పెట్టుకున్నాడురా అని చెప్పాను. కత్తెర ఆపలేదు."

"ఆ ముక్క లోపలికొచ్చి సెప్పండమ్మా. ఒక్క ముక్క. మోటారు నేను పాడుసెయ్యలేదని."

"చెప్తే నీ సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. లేబుళ్ళు చూసి కరెక్టని ఎందుకన్నావని వాడడుగుతాడు."

"సెప్పెయ్యండి. నాకు సదువు రాదని కూడా సెప్పెయ్యండి. పర్లేదమ్మా నాకు." ఆ మాట అన్నాను. నా నోటితో నేను అన్నాను. అప్పటికి బతుకులో నేను దాచుకున్నది అదొక్కటే, దాన్ని ఆవిడ చేతిలో పెట్టేశాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. లోపలికి నడిచారు. నేను వెనకాలే వెళ్ళాను. హాల్లో ప్రసాద్‌గారు అతిథులకి సర్దిచెబుతున్నారు. "లోకల్‌గా మోటార్ దొరకదండీ. మా అమ్మ గుళ్ళో ఎవర్నో పట్టుకొచ్చింది, షిప్‌యార్డ్ వర్కర్. ఓడలు వేరు, ఇవి వేరు. వాళ్ళ చేతికి ఇంత డెలికేట్ వర్క్ ఏం తెలుస్తుంది?" నేను ఆవిడ వైపు చూశాను. పదిహేను మందీ ఆవిడ వైపు చూశారు, ఎందుకంటే ఆవిడ హాలు మధ్యలో నిలబడి ఉన్నారు. "ఆకులు వేశాం, లేవండి, చల్లారిపోతాయి," అన్నారు.

"సార్, ఆ తీగలు..." అని నేనే మొదలుపెట్టాను. "నువ్వే కదయ్యా కరెక్టేనన్నావు?" అన్నారు ప్రసాద్‌గారు, గొంతు పెంచకుండానే. నిజమే, నేనే అన్నాను. "సర్లే, పోనీ. తిని వెళ్ళు." సుధగారు సింకు కింద నుంచి నా ప్లేటు తీస్తోంది. నేను చెప్పులేసుకున్నాను.

తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. పొగ పట్టిన చుట్టలు రెండూ విప్పి మళ్ళీ చుడతానని చెబుదామని, ఒత్తులు మొదలవుతాయని. గార్డు ఇంటర్‌కమ్‌లో మాట్లాడి, చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆ పై వారం గుళ్ళో మణి అమ్మ ఒక కవరు ఇచ్చింది. "ఉనక్కు దాన్, తంబీ. నీకే. టీచరమ్మ ఇచ్చింది. ఇంక రావడం కుదరదని చెప్పింది."

లోపల రూళ్ళ కాగితం, గుండ్రటి చేతిరాత, పది పదిహేను వరసలు. బతుకులో నా పేరున వచ్చిన మొదటి ఉత్తరం. సగం అక్షరాలు తెలిసినవే. మిగిలిన వాటి కింద తోకలు, పక్కన కొక్కేలు, నాకు నేర్పనివి. నేను చదవలేనని లోకంలో తెలిసిన మనిషి ఆవిడొక్కరే. నాకు ఎక్కడిదాకా వచ్చో కూడా ఆవిడకే తెలుసు. అలాంటిది ఉత్తరమే ఎందుకు రాశారు? అప్పుడు ఆ ప్రశ్న రాలేదు నాకు. క్షమించమని రాసి ఉంటారు, నోటితో చెప్పలేనిది కాగితం మీద పెట్టి ఉంటారు, అనుకున్నాను. డార్మిటరీలో చదివి పెట్టేవాళ్ళు పదిమంది ఉన్నారు. ఎవరికీ ఇవ్వలేదు. అది నేనే చదవాలి అనుకున్నాను.

ఏడాదిన్నర పట్టింది. మా గదిలో తెలుగు క్యాలెండరు ఉండేది. వారాల పేర్లు, నెలల పేర్లు, పండుగల పేర్లు నాకు నోటికి వచ్చు గనక, అక్షరాన్ని పట్టుకుని మాట దగ్గరికి పోకుండా, మాటను పట్టుకుని అక్షరం దగ్గరికి వెళ్ళాను. శుక్రవారంలో క కింద ఉన్నది ఏమిటో అలా తెలిసింది. పౌర్ణమి, కృత్తిక, విఘ్నేశ్వరుడు ఒక్కొక్కటే లొంగాయి. ఊరగాయ సీసాల మీది కాగితాలు, ఊరి నుంచి ఎవరికో చుట్టి పంపిన పేపరు ముక్కలు చదివాను. ఒక్కొక్క ఒత్తు పట్టుబడినప్పుడల్లా ఉత్తరం తీసి, అది ఎక్కడెక్కడ ఉందో చూసుకుని, వాక్యంగా మాత్రం చదవకుండా మళ్ళీ మడిచేవాణ్ణి. అన్నీ వచ్చాకే చదువుతాను అనుకున్నాను. ట్యాంకులో ఊపిరాడని రోజుల్లో కూడా ఆ ఉత్తరంలో నాకోసం ఒక మంచి మాట ఉందన్న తలపు నన్ను నిలబెట్టింది. వైండింగ్ షాపులో ఖాళీ ఈలోపు ఇంకొకడికి పోయింది. సెల్వం అణ్ణ తిట్టాడు, తర్వాత అడగడం మానేశాడు.

ఒక ఆదివారం పొద్దున, అందరూ లారీ ఎక్కి వెళ్ళాక, మంచం మీద కూర్చుని మొదటి నుంచి చదివాను. ఇప్పటికీ నా దగ్గర ఉంది, చూసి రాస్తున్నాను.

"చి. సింహాచలానికి ఆశీస్సులు. ఆ రోజు నేను నోరు విప్పితే నీ గుట్టు రచ్చకెక్కేది. నీకిచ్చిన మాట కోసమే ఊరుకున్నాను. నువ్వు కూడా ఊరుకో. ముడుల సంగతి, లేబుళ్ళ సంగతి గుళ్ళో ఎవరితోనూ అనవద్దు. మావాడికి పై పదవి వచ్చే సమయం. పదిమందిలో తిరిగేవాడు, చులకన కాకూడదు. నువ్వు కష్టం చేసుకునేవాడివి, ఇలాంటివి నిన్ను అంతగా బాధించవు. ప్లేయరు అమ్మేశాం. ఒత్తులు అశ్రద్ధ చెయ్యకు."

మూడుసార్లు చదివాను. నాకు ఏమైనా తప్పుగా అర్థమైందేమోనని నాలుగోసారి వేలు పెట్టి చదివాను. చెప్పెయ్యండి, పర్లేదు అని నేను బతిమాలితే విన్న మనిషి, నాకిచ్చిన మాట కోసం ఊరుకున్నానని రాసింది. నాకు బాధ ఉండదని కూడా రాసింది. చదవలేనివాడికి ఉత్తరమెందుకు రాసిందో అప్పుడు ఆలోచించాను. రాస్తే ఆవిడ మనసు తేలికవుతుంది, నేను చదవలేను గనక ఎదురు చెప్పలేను. నా ఆలోచన తప్పు కావచ్చు. ఒప్పని మాత్రం ఈనాటికీ అనిపిస్తోంది.

ఆ రోజే సెరంగూన్ వెళ్ళాను. గార్డు పుస్తకంలో పేరు, ఇంటి నంబరు, టైము గళ్ళ ప్రకారం రాశాను. ఆ ఇంట్లో వేరే ఎవరో ఉన్నారు. కంప్యూటర్ల గాలి అప్పటికే దిగిపోయింది, కంపెనీలు మూతపడుతున్నాయి, ప్రసాద్‌గారి కుటుంబం ఇంకో దేశం వెళ్ళిపోయిందని చెప్పారు. ఏ దేశమో వాళ్ళకీ తెలియదు.

ఆ తర్వాత నా బతుకు బాగానే గడిచింది. కార్డులు రాశాను, పరీక్షలు పాసయ్యాను, ట్యాంకుల్లోంచి బయటపడ్డాను, కూతుర్ని చదివించాను. చదువు చెప్పినావిడ అని ఆవిడకి దండం పెట్టాలని నాలో ఒక మనిషి అంటాడు. గుణింతాల దాకా పెడతాను, అంతకు మించి నావల్ల కాదు. నిన్న మా అమ్మాయితో బస్సులో పోతుంటే పక్కన లారీలో పనివాళ్ళు కనపడ్డారు. మా లారీకి పైకప్పు ఉండేది కాదు, వీళ్ళదానికి ఉంది. ఇన్నేళ్ళలో నాకు కనపడిన తేడా అంత. వాళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి, అందరూ ఏదో చదువుతున్నారు. మంచిదే. చదివినదంతా నమ్మకండర్రా అని కేకెయ్యాలనిపించింది. అల్లుడి ప్లేయరు మోటారు మొన్న రాత్రికి రాత్రి మనసు మార్చుకుని, తెల్లారాక తెలిసినవాళ్ళ షాపులో మిషను మీద చుట్టి ఇచ్చేశాను. తిరుగుతోంది. వాళ్ళు సంబరపడ్డారు. నాకేమీ అనిపించలేదు.

టీచరమ్మగారు ఈపాటికి ఉండి ఉండరు. ప్రసాద్‌గారు ఎక్కడో రిటైరై ఉంటారు, షిప్‌యార్డు వాడొకడు తన తండ్రి ప్లేయరు తగలబెట్టాడని పిల్లలకి చెప్పే ఉంటారు. ముడులు కోసింది ఆయన. తప్పు కాగితాలు అంటించింది ఆయన. చూస్తూ ఊరుకుంది ఆవిడ. చదువొచ్చినట్టు నటించింది నేను. గుళ్ళో ఎవరితోనూ అనవద్దన్నారు, పాతికేళ్ళు అనలేదు. రాయవద్దని ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు.